ముందు ఆ బండి ఆపు నాయనా

ముందు ఆ ఇంజను ఆపు నాయనా. వాకిట్లో నిలబడి మాట్లాడేదానికి బండి గురగురలాడుతూ ఉండాలా? ‘రెండు నిమిషాలే తాతా, పోవాలి’ అంటావు. నీ రెండు నిమిషాలు నాకు తెలియనివా? పోయిన వారం ఇట్లాగే రెండు నిమిషాలని నిలబడి, మీ అవ్వ ఇచ్చిన కాఫీ తాగి, మీ చిన్నాయన పొలం గొడవంతా చెప్పి పోయినావు. అంతసేపూ బండి పెట్రోలు తాగుతూనే ఉంది. ఆపు. స్టాండు వెయ్యి. వచ్చి ఈ అరుగు మీద కూర్చో. మజ్జిగ తెస్తుంది అవ్వ, తాగి పోదువు.

కూర్చున్నావు కదా, ఇప్పుడు చెప్పు. ధర్మవరంలో బంకు దగ్గర గొడవ పెట్టుకున్నావంటనే? పెట్రోలు పోసే పిల్లోడి కాలరు పట్టుకోబోయినావంట. మీ అమ్మ చెప్పి బాధపడింది. ఏమి నీ లెక్క? హిందూపురంలో పోయించుకొని ధర్మవరం పోతే లీటరుకు 62 కిలోమీటర్లు వచ్చింది, ధర్మవరంలో పోయించుకొని హిందూపురం వస్తే 54 వచ్చింది. కాబట్టి హిందూపురం పెట్రోలు మంచిది, ధర్మవరం పెట్రోలు కల్తీది. అంతేనా? లెక్క వేసినావు, సంతోషం. లెక్క వెయ్యని వాళ్లే ఎక్కువ ఈ కాలంలో. కానీ సగం లెక్క వేసి పూర్తి కోపం తెచ్చుకున్నావు చూడు, అక్కడ వచ్చింది చిక్కు. ముందు లెక్క, తర్వాత కోపం. ఈ మాట ఈ పూట నీకు మళ్లీ చెప్తా, విసుక్కోవద్దు.

నువ్వు పోయే దారి ఎట్లాంటిదో ఎప్పుడన్నా చూసినావా? చూస్తావులే, రోజూ చూస్తావు, కానీ నీ చూపంతా ముందు పోయే లారీని ఎట్లా దాటాలా అనే దాని మీదనే. హిందూపురం సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తున ఉంది. ధర్మవరం 350 మీటర్లకు అటూ ఇటూ. అంటే సోమందేపల్లి దాటి, పెనుకొండ కోట కొండ పక్కన హైవేలో పోయి, చెన్నేకొత్తపల్లి దాటుకొని ధర్మవరం చేరేసరికి నువ్వు దాదాపు 270 మీటర్లు కిందికి దిగినట్టు. తొంభై అంతస్తుల మేడ ఎంత ఎత్తు ఉంటుందో అంత. ఎనభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో మెల్లగా దిగుతావు కాబట్టి నీ కంటికి కనపడదు. బండికి మాత్రం తెలుస్తుంది. వచ్చేటప్పుడు అదే తొంభై అంతస్తులూ ఎక్కాలి. నువ్వు, వెనక కూర్చున్న మీ బావ, మధ్యలో చీరల మూట. నిన్ను ఎవరన్నా తొంభై అంతస్తులు ఎక్కమంటే రెండు ముద్దలు ఎక్కువ పెట్టమని అడగవా? బండీ అదే అడిగింది. నువ్వేమో బంకు వాడిని తిట్టినావు.

ఇంకొకటి. నువ్వు పోయింది ఆషాఢంలో. మన సీమ ఆషాఢం గాలి ఊరికే ఉంటుందా? పంచెలు ఎగరగొట్టే గాలి. హైవేలో పోతా ఉంటే రామగిరి కొండల మీద గాలిమరలు కనపడతాయే, అవి అక్కడ ఎందుకు పెట్టినారనుకున్నావు? చూసేవాళ్ల అందం కోసం కాదు. నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి దిక్కు నుంచి, నైరుతి మూల నుంచి ఆగకుండా వీచే గాలి మన దగ్గర ఉంది కాబట్టి పెట్టినారు. హిందూపురం ధర్మవరానికి ఏ దిక్కున ఉంది? దక్షిణాన, కొంచెం పడమరకు. అంటే వచ్చేటప్పుడు ఆ గాలికి నువ్వు ఎదురీదుతున్నావు. పోయేటప్పుడు అదే గాలి నీ వీపు తట్టి పంపింది. దిగుడూ గాలీ రెండూ కలిసొచ్చిన పూట 62 వచ్చింది. ఎక్కుడూ ఎదురుగాలీ రెండూ మీద పడిన పూట 54 వచ్చింది. ఇందులో బంకు పిల్లోడు చేసిన పాపమేమి?

నిన్ను తిట్టే అర్హత నాకు ఎక్కడిదంటావా? ఉంది, ఎందుకంటే ఆ పని నేనూ చేసినవాడినే. నీ వయసులో నాకొక పాత స్కూటరు ఉండేది. ధర్మవరం మగ్గాల దగ్గర చీరలు తీసుకొని, కాళ్ల మధ్య ఒక మూట, వెనక ఒక మూట పెట్టుకొని ఊరూరూ తిరిగేవాడిని. ఒక నెల ఉన్నట్టుండి మైలేజీ పడిపోయింది. ఇంకేముంది, బంకులో తక్కువ పోస్తున్నారని పది మందిని పోగేసినా. బంకాయన చానా నెమ్మదస్తుడు. ఒక్క మాట అనలేదు. లోపలికి పోయి ఐదు లీటర్ల కొలత డబ్బా తెచ్చి అందరి ముందర పట్టినాడు. గీతకు సరిగ్గా వచ్చింది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. పక్క షెడ్డులో మెకానిక్కు నవ్వుకుంటూ వచ్చి, స్కూటరు వెనక చక్రం పైకెత్తి చేత్తో తిప్పినాడు. అర చుట్టు తిరిగి ఆగిపోయింది. బ్రేకు పట్టుకొని ఉంది నాయనా! నెల పొడుగునా నేను బ్రేకు వేసుకొనే బండి నడుపుతున్నా. ఆ బంకాయన మొహం చూడలేక ఆర్నెల్లు వేరే దారిలో పోయినా. చుట్టుదారి, ఆ పెట్రోలు ఖర్చు వేరే. ముందు లెక్క, తర్వాత కోపం అని నేను నేర్చుకున్నది అట్లా.

మోసం చేసేవాళ్లు లోకంలో లేరని నేను అనను. అనుమానం వస్తే అడుగు, తప్పులేదు. పోయకముందు మీటరు సున్నా మీద ఉందో లేదో చూసుకో, ఫోను చూసుకుంటూ నిలబడొద్దు. ఐదు లీటర్ల కొలతలో పట్టి చూపమని అడిగే హక్కు నీకు ఉంది. ఆ రోజు సాంద్రత ఎంతో రాసి పెడతారు, అదీ చూడు. మర్యాదగా అడుగు. మర్యాదగా అడిగినా కొలత మారదు కదా.

ఇప్పుడు ఎండ, చలి సంగతి. ‘ఎండాకాలంలో బండి ఎక్కువ తాగుతుంది తాతా’ అంటావు. అది తలకిందుల మాట. చలికాలం పొద్దున్నే హిందూపురంలో పొగమంచు కమ్ముకొని చేతులు కొంకర్లు పోతుంటాయి చూడు, అప్పుడే బండి ఎక్కువ తాగేది. ఎందుకంటే చలికి ఇంజను ఆయిల్ చిక్కబడుతుంది, లోపలి సామాను బరువుగా కదులుతుంది. చల్లటి ఇంజనులో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు కాబట్టి మండడానికి కొంచెం ఎక్కువ పోయాల్సి వస్తుంది. పాత బండికి ఆ పని చోక్ చేస్తుంది, కొత్త బండిలో కంప్యూటరే చేస్తుంది. పాత బండి వాళ్లు చోక్ లాగి, తీయడం మరిచిపోయి మార్కెట్టు దాకా పోతారు. ఇంట్లో కుళాయి తిప్పి కట్టేయకుండా ఊరికి పోయినట్టు.

గాలి కూడా అంతే. 15 డిగ్రీల చల్లటి గాలి 40 డిగ్రీల వేడి గాలి కంటే 8, 9 శాతం బరువుగా ఉంటుంది. ఆ బరువు గాలిని చీల్చుకొని పోవాలి బండి. టైరులో గాలి కూడా చలికి ముడుచుకుంటుంది. పది డిగ్రీలు చల్లబడితే ఒకటిన్నర పీఎస్‌ఐ దాకా పడిపోతుంది. పడిపోయిన టైరు నేలకు అతుక్కొని దొర్లుతుంది. దసరాకు గాలి పట్టించి సంక్రాంతి దాకా చూడని వాడికి ఇవన్నీ ఒకటి మీద ఒకటి పేరుకుంటాయి. పెట్రోలులో ఏదో కలిపినారని వాడే అందరికంటే ముందు అంటాడు.

మన చలి ఏమి చలిలే. చికాగోలో ఉన్న మా అన్న మనవడిని అడుగు. అమెరికా వాళ్ల లెక్కలో, సున్నాకు దిగువన 7 డిగ్రీల చలిలో పెట్రోలు కారు ఊళ్లో తిరిగితే, 25 డిగ్రీలప్పుడు వచ్చే మైలేజీలో సుమారు 15 శాతం పోతుంది. ఐదారు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలైతే 24 శాతం దాకా పోవచ్చు. అక్కడ చలికాలానికి వేరే పెట్రోలు, ఎండాకాలానికి వేరే పెట్రోలు అమ్ముతారు. చలికాలం దాంట్లో తొందరగా ఆవిరయ్యే సరుకు ఎక్కువ కలుపుతారు, బండి తేలిగ్గా అందుకోవాలని. ఆ సరుకుకు బలం కొంచెం తక్కువ. మన దేశంలో కూడా పెట్రోలు ఎంత తొందరగా ఆవిరి కావచ్చు అనేదానికి ఎండాకాలం నెలలకు ఒక హద్దు, మిగతా నెలలకు ఒక హద్దు పెట్టినారు. లేకపోతే మన మే నెల ఎండకు పెట్రోలు పైపులోనే ఆవిరై, బండి నడిరోడ్డు మీద మొరాయిస్తుంది. కాలాన్ని బట్టి మనం సద్ది మార్చుకున్నట్టే, పెట్రోలూ మారుతుందని తెలుసుకో చాలు.

మరి ఎండాకాలంలో కారు ఎందుకు ఎక్కువ తాగుతుందంటావా? ఏసీ వల్ల. మధ్యాహ్నం ధర్మవరం స్టేషను బయట ఎండలో నిలబెట్టిన కారు పొయ్యి మాదిరి కాగి ఉంటుంది. ఎక్కీ ఎక్కగానే అద్దాలన్నీ బిగించి ఏసీ నిండా పెడతావు. ఆ వేడంతా తోడి బయట పోసేది ఎవరు? ఇంజనే. ఒక్క నిమిషం తలుపులు తెరిచి ఉంచు. అద్దాలు దించి రెండు వీధులు పో, వేడి పోనీ, అప్పుడు ఏసీ వేసుకో. చెట్టు నీడ ఉంటే పది అడుగులు నడిచినా సరే అక్కడ పెట్టు. నడిస్తే అరిగిపోవులే.

పొద్దున్నే పోయించుకుంటే పెట్రోలు చల్లగా ఉండి ఎక్కువ వస్తుందని ఒక మాట తిరుగుతూ ఉంటుంది. మీ బావ దానికోసం తెల్లారుజామున లేచి పోతాడంట. పెట్రోలు వేడికి ఉబ్బుతుంది, అది నిజమే. పది డిగ్రీలకు సుమారు ఒక శాతం. అంటే ఐదు లీటర్లకు 50 మిల్లీలీటర్ల చిల్లర. కానీ బంకు ట్యాంకు భూమి లోపల ఉంటుంది కదా. పొద్దున ఎంత చల్లగా ఉందో మధ్యాహ్నమూ దాదాపు అంతే చల్లగా ఉంటుంది. బావి నీళ్లు చూడలేదా, చలికాలం వెచ్చగా, ఎండాకాలం చల్లగా ఉండేవి. మీ బావను హాయిగా పడుకోమను. పడుకొని లేచి టైర్లలో గాలి పట్టించుకొమ్మను. అంతకంటే ఎక్కువే మిగులుతుంది.

సరే, నువ్వు ఎదురుచూస్తున్న మాటకు వస్తా. ఇథనాల్. ‘వీళ్లు కలిపే దానివల్లే తాతా అంతా’ అని నువ్వనకముందే నీ మొహంలో కనపడుతోంది.

కలపడం నాకు కొత్త కాదు. మా కాలంలో స్కూటరుకు పెట్రోలు పోయించుకుంటే, దాంట్లో ఆయిల్ కొలిచి కలిపేవాళ్లు. ఎక్కువైతే పొగ, తక్కువైతే ఇంజను బిగుసుకుపోయేది. ఇప్పుడు కలిపేది వేరే. చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే మడ్డి నుంచి, చెరకు రసం నుంచి, నూకల నుంచి, మొక్కజొన్న నుంచి తీసేది ఇథనాల్. మన దేశంలో 2003లో కొన్ని రాష్ట్రాల్లో 5 శాతంతో మొదలుపెట్టినారు. 2022 జూన్‌కు 10 శాతం అయింది. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో 20 శాతం పెట్రోలు విడుదల చేసినారు, 2025 వచ్చేసరికి బంకుల్లో దొరికేది దాదాపు అంతా అదే. బ్రెజిల్ దేశం 1975 నుంచే ఈ దారిలో ఉంది. ఆ దేశంలో ఇప్పుడు 30 శాతం కలుపుతారు.

దానివల్ల మైలేజీ తగ్గుతుందా? తగ్గుతుంది. నీ మాట కొట్టేయను. శేరు రాగులూ శేరే, శేరు బొరుగులూ శేరే. కానీ శేరు రాగులు ముద్ద చేసుకొని తిన్నవాడు మధ్యాహ్నం దాకా మడక దున్నుతాడు. శేరు బొరుగులు తిన్నవాడు గట్టు దాటకముందే ఆకలి అంటాడు. పెట్రోలు రాగులు, ఇథనాల్ బొరుగులు. ఇథనాల్ లోపల ముందే కొంత ఆక్సిజన్ చేరి ఉంటుంది. కొంచెం కాలి ఆరిన కట్టెను మళ్లీ పొయ్యిలో పెట్టినట్టు, దాని మంట తక్కువ. లీటరుకు లీటరు చూస్తే పెట్రోలు బలంలో మూడింట రెండు వంతులే ఉంటుంది.

లెక్క నువ్వే వెయ్యి. పది లీటర్లలో రెండు లీటర్లు ఇథనాల్. ఆ రెండు లీటర్ల బలం లీటరూ మూడో వంతు పెట్రోలుతో సమానం. అంటే ఏమీ కలపని పెట్రోలుతో చూస్తే పోయేది ఆరేడు శాతం. ముందే 10 శాతం కలిపింది పోసేవాళ్లు కాబట్టి, దానితో చూస్తే పోయేది ఇంకో మూడు శాతం చిల్లర. నీతి ఆయోగ్ 2021 జూన్‌లో వేసిన లెక్కా ఇట్లాగే ఉంది. 10 శాతానికి సర్దిన పాత కార్లకు 6, 7 శాతం తగ్గొచ్చు. అట్లాంటి ద్విచక్ర వాహనాలకు 3, 4 శాతం. 20 శాతానికి సర్దిన కార్లకు ఒకటి, రెండు శాతం. ఇథనాల్‌కు ఇంజను టకటక కొట్టుకోకుండా కాపాడే గుణం పెట్రోలు కంటే ఎక్కువ. ఆ గుణానికి తగ్గట్టు చేసిన ఇంజను పోయిన దాంట్లో కొంత తిరిగి రాబట్టుకుంటుంది.

ఇప్పుడు నీ బండికి ఈ లెక్క పెట్టు. అరవై ఇచ్చే బండి అనుకో. 3, 4 శాతం అంటే లీటరుకు రెండు కిలోమీటర్లు, పోనీ రెండున్నర. నువ్వు కోపం తెచ్చుకున్నది ఎంతకు? ఎనిమిది కిలోమీటర్లకు. ఇథనాల్‌కు పోయే రెండు, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకే మాదిరి పోయింది. మరి ఆ ఎనిమిదీ ఎక్కడికి పోయినాయి? కొండకు, గాలికి, టైరుకు, నీ చేతికి. అందులో కొండనూ గాలినీ నువ్వు మార్చలేవు. కలిపే శాతాన్నీ నువ్వు మార్చలేవు. ప్రభుత్వాన్ని అడగాల్సింది అడుగు, ఓటు ఉంది, నోరు ఉంది. కానీ నీ చేతిలో ఉన్నదాన్ని వదిలేసి చేతిలో లేనిదాన్ని తిడుతూ కూర్చుంటే ట్యాంకు నిండుతుందా?

ఇథనాల్ విషయంలో నువ్వు నిజంగా జాగ్రత్త పడాల్సింది ఇంకోటి ఉంది, దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. తేమ. హిందూపురం బెల్లం మండీలో వానాకాలం చూడు. ఎంత గట్టి అచ్చు అయినా నాలుగు రోజుల ముసురుకు చెమ్మగిల్లి జారుతుంది. ఇథనాల్ కూడా చెరకు బిడ్డే కదా, అదీ అంతే, గాల్లో తేమ కనపడితే పీల్చుకుంటుంది. మరీ ఎక్కువ నీళ్లు చేరితే ఇథనాలూ నీళ్లూ కలిసి పెట్రోలును వదిలేసి అడుగున చేరతాయి. బండి పైపు ఉండేది అడుగునే. కాబట్టి మీ నాయన పాత బండిని అర ట్యాంకు పెట్రోలుతో నెలల తరబడి కొట్టంలో పెట్టొద్దు. వారానికోసారన్నా బయటికి తీసి నడుపు. నీళ్లు కొట్టి కడిగేటప్పుడు మూత బిగించు. మూత కింద రబ్బరు పగిలి ఉంటే మార్పించు, ఎంత అవుతుంది? పాత బండ్లలో కొన్ని రబ్బరు సామాన్లు, గాస్కెట్లు ఇరవై ముప్పై వేల కిలోమీటర్లకు మార్చాల్సి రావొచ్చని ప్రభుత్వమే చెప్పింది. సర్వీసింగుకు పోయినప్పుడు పెట్రోలు పైపు కారుతోందేమో చూడమని నోరు తెరిచి చెప్పు. నీ బండి ఎంత శాతానికి తగినదో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు కూడా విప్పి ఉండవు నువ్వు.

ఇంకో తెలివి చూపిస్తారు మన హిందూపురం పిల్లోళ్లు. కర్ణాటకలో పెట్రోలు చౌక అని సరిహద్దు దాటి గౌరీబిదనూరు రోడ్డులో పోయించుకొస్తారు. ఆ పక్కకు పనిబడి పోయినప్పుడు పోయించుకో, మంచిదే. దానికోసమే పోతే? లీటరుకు ఏడు రూపాయలు తేడా అనుకో, ఐదు లీటర్లకు 35 రూపాయలు మిగిలె. పోను పది, రాను పది, ఇరవై కిలోమీటర్లు తిరిగినావు. 55 ఇచ్చే బండికి మూడో వంతు లీటరు పైన అయిపోయె. అదీ 35 రూపాయల పైమాటే. పొద్దు పోయింది, టైరు అరిగింది, మీ అమ్మ అన్నం మూత పెట్టుకొని కూర్చుంది. ఏమి మిగిలింది చెప్పు?

నీ చేతిలో ఉన్నదేమో చెప్తా విను. కొత్తగా చెప్పేదేమీ లేదు, అన్నీ నీకు తెలిసినవే, తొందరలో మరిచిపోయినవే.

పదిహేను రోజులకోసారి టైర్లలో గాలి చూపించు. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు. ఎంత ఉండాలో బండి మీద స్టిక్కరులో రాసి ఉంటుంది, పంక్చరు షాపాయన అందాజుకు వదిలేయొద్దు. చైను బిగువు చూడు, నూనె పెట్టు. మన దుమ్ము రోడ్లకు ఎయిర్ ఫిల్టరు తొందరగా మూసుకుపోతుంది, విప్పించి చూడు. నెలకోసారి సెంటరు స్టాండు వేసి చక్రం చేత్తో తిప్పు. నా స్కూటరు మాదిరి అర చుట్టుకు ఆగితే తిన్నగా మెకానిక్కు దగ్గరికి పో, బంకుకు కాదు.

ఎక్సలేటరు మెల్లగా తిప్పు. నలభై ఐదు, యాభై, యాభై ఐదు, ఆ మధ్యలో పోతే బండికీ నీకూ సుఖం. వేగం పెరిగే కొద్దీ గాలి అడ్డు మామూలుగా పెరగదు నాయనా. వేగం రెండింతలైతే గాలి అడ్డు నాలుగింతలు అవుతుంది. అదీ కాక మీ బావ ఒకడు వెనక వెడల్పుగా కూర్చొని ఉంటాడు. ముందర స్పీడు బ్రేకరు కనపడుతూ ఉంటే దాని దాకా లాగించి బ్రేకు మీద నిలబడతావు ఎందుకు? పెట్రోలు పోసి సంపాదించిన వేగమంతా బ్రేకులో వేడి చేసి గాలికి వదిలేసినట్టే కదా. దూరం నుంచే చెయ్యి సడలించు, బండి దానంతట అదే నెమ్మదిస్తుంది. దిగుడులో న్యూట్రల్ చేసి ఇంజను ఆపి పోయే తెలివి అసలు వద్దు. కొత్త బండ్లలో గేరులో ఉంచి ఎక్సలేటరు వదిలేస్తే చాలు, పెట్రోలు దానంతట అదే ఆగుతుంది. న్యూట్రల్‌లో పోతే మిగిలేది ఏమీ లేదు, బండి మాత్రం నీ అదుపులో ఉండదు.

రైల్వే గేటు పడితే బండి ఆపు. వాకిట్లో మాట్లాడేటప్పుడు ఆపు. ఈ ఒక్కటి చేస్తే నాకు చాలు.

అమ్మాయీ, అక్కడ నవ్వుతూ నిలబడింది చాలు, ఇటు రా, నీకూ ఇదే మాట. స్కూటీ మీద కాలేజీకి పోవడం రెండు కిలోమీటర్లు. ఇంజను వేడెక్కేలోపే గేటు వస్తుంది. మళ్లీ రెండు గంటలకు జిరాక్సుకని ఒకసారి, రీచార్జికని ఒకసారి, మీ స్నేహితురాలి దగ్గర నోట్సుకని ఇంకోసారి. చల్లటి ఇంజనుతో నాలుగు ముక్కలుగా తిరిగే బదులు, ఒక్కసారి బయల్దేరి అన్నీ చూసుకొని రాకూడదా? మా అమ్మ సంతకు పోయేటప్పుడు ఇంటికి కావలసినవన్నీ పైట కొంగుకు ముడులు వేసుకొని గుర్తు పెట్టుకునేది. ఆమెకు చదువు రాదు. రెండోసారి సంతకు పోయిన రోజు నాకు తెలిసి లేదు.

ఇంతా ఎందుకు చెప్తున్నానో తెలుసా? నీ పెట్రోలు నేను కొనివ్వను కదా, నాకేమి నొప్పి? ధర్మవరంలో ఒక పట్టుచీర మగ్గం మీద నుంచి దిగాలంటే ఎన్ని రోజులు పడుతుందో నీకు తెలుసు, మగ్గం ఉన్న ఇంట్లోనే పుట్టినావు. మీ నాయన పోగు పోగు చూసుకొని నేస్తాడు. ఒక పోగు తెగితే ఆగి, ముడి వేసి, అప్పుడు ముందుకు పోతాడు. తొందరపడి నేసిన చీరను షావుకారు పక్కన పెడతాడని ఆయనకు తెలుసు. అట్లా ఒక్కొక్క పోగు నుంచి వచ్చిన డబ్బును నువ్వు హైవేలో ఎనభైలో పోతూ గాలికి పోస్తున్నావు. పోసింది చాలక, ఎవరో దోచుకున్నారని అంటున్నావు.

డబ్బన్నా మళ్లీ వస్తుంది. నలభై నాలుగో నంబరు హైవేలో పెనుకొండ దగ్గర రాత్రిళ్లు లారీలు ఎట్లా పోతాయో నీకు నేను చెప్పాలా? ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ వచ్చినాక షిఫ్టు విడిచే వేళకు ఆ పక్కన బండ్లు ఎంత పెరిగినాయో చూస్తూనే ఉన్నావు. నువ్వు రాత్రి తొమ్మిదిన్నరకు వస్తానని పోతే, మీ అమ్మ తొమ్మిది నుంచే వీధి మలుపు వైపు చెవి పెట్టుకొని ఉంటుంది. ఏ బండి శబ్దం నీదో ఆమెకు తెలుసు. నువ్వు పది నిమిషాలు ముందు చేరాలని ఎనభైలో వస్తావు. ఆ పది నిమిషాలు ముందు బయల్దేరమని కదా నేను చెప్పేది. హెల్మెట్ అద్దానికి తగిలించడానికి కాదు, తలకు పెట్టుకోవడానికి అని కూడా చెప్తా, చెప్పినా అని విసుక్కో పో.

అయిపోయింది, అయిపోయింది, తాళం చెవి ఆడించొద్దు. ఒక్క పని చేసిపెట్టు నాకోసం. అవ్వా, ఆ గూట్లో పాత లెక్కల పుస్తకం ఉంది, ఇట్లా ఇయ్యి. ఇదిగో, సగం కాగితాలు ఖాళీగానే ఉన్నాయి. ఈ పుస్తకం బండిలో పెట్టుకో. బంకులో ట్యాంకు మామూలుగా ఆటోకట్ అయ్యేదాకా పోయించుకో, మూత దాకా పొర్లేట్టు వద్దు, ఎండకు ఉబ్బి బయటికొస్తుంది. మీటరులో కిలోమీటర్లు రాసుకో. మళ్లీ పోయించుకున్నప్పుడు అట్లాగే ఆటోకట్ దాకా పోయించి, ఎన్ని లీటర్లు పట్టిందో రాయి. తిరిగిన కిలోమీటర్లను ఆ లీటర్లతో భాగించు. పక్కనే ఒక్క ముక్క రాయి: ఎదురుగాలి, చలి, ఇద్దరం, ఒంటరిగా, అట్లా. పోను ఒకటీ రాను ఒకటీ కాదు, పోను రాను కలిపి. ఒక్కసారికి వచ్చిన అంకెను నమ్మొద్దు. పది సార్లు రాసినాక చూడు. ఆషాఢం ఏమి తీసుకుంది, పుష్యమాసం ఏమి తీసుకుంది, ఇథనాల్ ఏమి తీసుకుంది, నీ చెయ్యి ఏమి తీసుకుంది, అన్నీ నీకే విడివిడిగా కనపడతాయి. అప్పటికీ బంకు వాడిదే తప్పని తేలితే, నేనే కర్ర పట్టుకొని నీతో వస్తా, సరేనా?

ఉగాది నాడు పచ్చడి తినడానికి వస్తావు కదా, ఆ పుస్తకం తీసుకొని రా. నాకు చత్వారం, పెద్ద అక్షరాలతో రాయి.

ఇంకొకటి. రేపో మాపో ధర్మవరం పోతావు కదా, ఆ బంకు దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఆ పిల్లోడికి ‘పొరపాటైంది అబ్బీ’ అని చెప్పి పో. నేను ఆర్నెల్లు చుట్టుదారిలో తిరిగినా, నువ్వు తిరగొద్దు. వాడూ మీ వయసు వాడే, ఎండలో నిలబడి పోస్తున్నాడు. చెప్పేటప్పుడు బండి ఆపి చెప్పు.